పొగ మానడానికి వేప్ కావాలా?

2023 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. పొగతాగే పది లక్షల మందికి వేప్ కిట్లు ఉచితంగా ఇచ్చి, వెంట ఉండి ధైర్యం చెప్పి, సిగరెట్ మాన్పించాలన్నది దాని ఉద్దేశం. మన దేశంలో అదే వేప్ అమ్మితే మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. కర్ణాటక అయితే కేంద్రం కంటే మూడేళ్లు ముందే, 2016 జూన్‌లోనే, ఈ-సిగరెట్లను నిషేధించింది. అక్కడ డాక్టర్లే ఇస్తుంటే ఇక్కడ పోలీసులు పట్టుకోవడమేమిటని ఫోన్‌లో విదేశీ వీడియోలు చూసే కుర్రవాళ్లు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే రాయచూరులో గానీ, సింధనూరులో గానీ, సరిహద్దు దాటి గద్వాలలో గానీ నిజంగా పొగ మానాలనుకునే మనిషికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. విదేశాల్లో జరిగిన పరీక్షల్లో మనుషుల చేత పొగ మాన్పించింది ఏమిటి? అది మనకు దొరుకుతుందా? దొరుకుతుంది. చట్టానికి లోబడి, చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. అయినా దాన్ని మనం వాడుకోవడం లేదు.

ముందు వేప్ అంటే ఏమిటో చూద్దాం. బ్యాటరీతో వేడెక్కే చిన్న తీగచుట్ట, దానికి అంటుకుని ద్రవం నిండిన గొట్టం. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఏదో ఒక పండు వాసన ఉంటాయి. తీగ వేడెక్కగానే ద్రవం ఆవిరై నోట్లోకి వస్తుంది. ఇప్పుడున్న రూపంలో దీన్ని 2003లో తయారు చేసినవాడు హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. ఇందులో పొగాకు కాలదు, తేడా అంతా అక్కడే ఉంది. మనిషిని పొగకు కట్టిపడేసేది నికోటిన్. చంపేది మాత్రం ప్రధానంగా కాలడం వల్ల పుట్టే పొగే. ఆ పొగలో ఉన్న ఏడు వేల పైచిలుకు రసాయనాల్లో కనీసం డెబ్భై క్యాన్సర్ కారకాలు. తారు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. వేప్ ఆవిరిలో ఈ విషాలు చాలా తక్కువ. చాలా తక్కువ అంటే అసలు లేవని కాదు. పైగా ఇరవై ముప్పై ఏళ్లు వేప్ పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూడటానికి ఆ వస్తువుకే ఇంకా అంత వయసు రాలేదు. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వేప్ హాని సిగరెట్ కంటే 95 శాతం తక్కువని చెప్పినప్పుడు, ఆ అంకెకు ఆధారం బలహీనమని లాన్సెట్ పత్రికే ఆక్షేపించింది. సిగరెట్ కంటే హాని తక్కువన్న మాట మీద పెద్ద తగువు లేదు. ఎంత తక్కువన్న దగ్గరే తగువు.

మరి వేప్‌తో పొగ మానుతారా? మానుతారనే ఆధారాలు చెబుతున్నాయి, ఆ మాటను దాచాల్సిన పని లేదు. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బ్రిటన్‌కు చెందిన పీటర్ హాయెక్ బృందం ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. పొగ మానడానికి సాయం కోరి వచ్చిన 886 మందిలో కొందరికి వేప్, మిగిలినవాళ్లకు నికోటిన్ గమ్, చర్మానికి అంటించే పట్టీల లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత వేప్ వాడినవాళ్లలో 18 శాతం, గమ్, పట్టీలు వాడినవాళ్లలో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. ప్రపంచంలో జరిగిన ఇలాంటి పరీక్షలన్నిటినీ గుదిగుచ్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2024 సమీక్షలో 88 అధ్యయనాలను, 27 వేల మందికి పైగా మనుషుల వివరాలను పరిశీలించింది. ఏ సాయమూ లేకుండానో, మాట సాయంతోనో ప్రయత్నిస్తే వందలో నలుగురు మానుతారు. గమ్, పట్టీలతో ఆరుగురు. నికోటిన్ వేప్‌తో ఎనిమిది నుంచి పది మంది. వేప్ ముందుందన్న మాట నిజమే. అయితే ఆ అంకెల్లోనే ఇంకో నిజం ఉంది. ఏ దారిన వెళ్లినా వందలో కనీసం తొంభై మంది ఆ ఒక్క ప్రయత్నంలో మానలేకపోయారు. పొగ మానడం అంత కష్టమని, ఒకసారి ఓడినవాడిది చేతకానితనం కాదని ఇంతకంటే బాగా చెప్పే లెక్క లేదు.

ఆ పరీక్షలను కాస్త దగ్గరగా చూస్తే మరికొన్ని సంగతులు తేలతాయి. వాటిలో వేప్‌ను ఒంటరిగా మనిషి చేతిలో పెట్టి పంపేయలేదు. హాయెక్ పరీక్షలో రెండు వర్గాలకూ కనీసం నాలుగు వారాలు, వారం వారం, ఎదురుగా కూర్చుని మాట్లాడే సలహాదారు ఉన్నాడు. 2024లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పరీక్షలోనూ అంతే. సలహా మాత్రమే పొందినవాళ్లలో ఆరు నెలలకు 16.3 శాతం, సలహాతో పాటు వేప్ కూడా అందినవాళ్లలో 28.9 శాతం మానారు. ఇంకొకటి. హాయెక్ పరీక్షలో వేప్‌తో సిగరెట్ మానినవాళ్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్ దారిన మానినవాళ్లలో అలా గమ్‌కు అతుక్కుపోయినవాళ్లు తొమ్మిది శాతమే. అంటే వేప్ చాలామందిని సిగరెట్ నుంచి విడిపించింది గానీ నికోటిన్ నుంచి విడిపించలేదు. సలహాదారు లేకుండా సొంతంగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఇంటి దగ్గర వేప్, బయట సిగరెట్ అన్నట్టు రెండూ నడుపుతారు. దీనివల్ల దక్కేది చాలా తక్కువ. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం వచ్చేస్తుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. సగం మానితే సగం లాభం అనుకోవడం గుండె విషయంలో చెల్లదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న ఈ రాయచూరు జిల్లాలో పొగ తాగే మనిషి ఎవరు? తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల క్యాంపుల్లో వరి పండించేవాళ్లు, వాళ్ల పొలాల్లో కూలికి వచ్చేవాళ్లు, రాయచూరు పత్తి మిల్లుల్లో, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, శక్తినగర్ థర్మల్ కేంద్రంలో బొగ్గు దగ్గర, హట్టి బంగారు గనిలో రాతి దుమ్ములో పనిచేసే కార్మికులు. సంపన్న దేశాల పరీక్షల్లో పాల్గొన్నది ఎక్కువగా సిగరెట్ తాగేవాళ్లు. మన దేశంలో ఎక్కువమంది తాగేది బీడీ. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 7.7 శాతం బీడీ తాగుతుంటే సిగరెట్ తాగేది 4 శాతమే. ఈ-సిగరెట్ వాడేవాళ్లు అప్పటికి 0.02 శాతం, లెక్కలోకి రానంత. బీడీ ఆకుతో చుట్టింది కదా, సిగరెట్ అంత చెరుపు చేయదులే అన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. 2008లో ప్రభాత్ ఝా బృందం దేశవ్యాప్తంగా 11 లక్షల ఇళ్లలో జరిగిన మరణాలను ఆరా తీసి ప్రచురించిన అధ్యయనం ఆ మాటను తిప్పికొట్టింది. బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు ముందుగా పోతున్నారు, బీడీ తాగే ఆడవాళ్లు ఎనిమిదేళ్లు ముందుగా, సిగరెట్ తాగే మగవాళ్లు పదేళ్లు ముందుగా. పొగ తాగేవాళ్లను ముందుగా తీసుకుపోతున్న జబ్బుల్లో క్యాన్సర్, గుండెపోటుతో పాటు క్షయ కూడా ఉంది. రాతి దుమ్ము పీల్చే ఊపిరితిత్తులకు బీడీ పొగ కూడా తోడైతే ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి మనిషికి, బ్యాటరీ చార్జింగ్ పెట్టుకుంటూ దొంగచాటుగా గొట్టాలు కొనుక్కోవాల్సిన వేప్ ఒక వైద్యం అని చెప్పడం అతని బతుకు తెలియకుండా మాట్లాడటమే.

దొంగచాటుగా అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే ఆ బ్రిటిష్ ఫలితాలు ఇక్కడ వర్తించకపోవడానికి పెద్ద కారణం అదే. అక్కడి వేప్ ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదని చట్టం. గొట్టం ఎంత ఉండాలో, ఏ పదార్థాలు కలపకూడదో కూడా నిబంధనలున్నాయి. అమెరికాలో అలాంటి పరిమితి లేకపోవడంతో జూల్ కంపెనీ 59 మిల్లీగ్రాములతో అమ్మింది, దాదాపు మూడింతలు. మన దగ్గర 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబర్‌లో చట్టం వచ్చాక తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలయ్యాయి. పీల్చడాన్ని చట్టం నేరుగా నేరమనలేదు గానీ, కొనాలంటే ఎవరో ఒకరు నేరం చేయక తప్పదు. అలా చేతులు మారి వచ్చే సరుకులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు, పీల్చేవాడికీ తెలియదు. దీని పర్యవసానం ఎలా ఉంటుందో అమెరికా చూసింది. 2019లో వేప్ పీల్చినవాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల్లో చేరారు, లేదా ప్రాణాలు కోల్పోయారు. మృతులు 68 మంది. ప్రధాన దోషి గంజాయి సారం నింపిన వేప్‌లలో కల్తీగా కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తేలింది, అవి ఎక్కువగా బయటి చేతుల నుంచి కొన్నవే. షాపులో అమ్మే నికోటిన్ వేప్‌కు ఆ చావులను అంటగట్టడం న్యాయం కాదు. నియంత్రణ లేని చోట కొన్న గొట్టాన్ని నమ్మడానికి వీల్లేదనడానికి మాత్రం అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నిషేధానికి ఎదురుగా వచ్చే అభ్యంతరం బలమైనది. సిగరెట్, బీడీ ప్రతి పాన్ డబ్బాలో దొరుకుతుంటే, వాటికంటే తక్కువ హాని చేసే వేప్‌ను మాత్రం నిషేధించడం ఏ న్యాయం? సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఎల్‌ఐసీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకు పెద్ద వాటాలున్నాయి కదా, ఆ లాభం కోసమేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ విమర్శలో న్యాయం ఉంది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. ప్రాణాలు తీసే వస్తువును చౌక చేసే నిర్ణయం అది, నా దృష్టిలో తప్పు నిర్ణయం. కానీ ఒక విషాన్ని విచ్చలవిడిగా అమ్మనిస్తున్నారు కాబట్టి రెండోదాన్ని కూడా అమ్మనివ్వాలనడం సమాధానం కాదు. మొదటిదాన్ని కట్టడి చేయమని అడగాలి. నిషేధం వెనక ఉన్న భయం ఊహ కూడా కాదు. అమెరికాలో హైస్కూలు పిల్లల్లో వేప్ వాడేవాళ్లు 2018లో 20.8 శాతం ఉంటే 2019లో 27.5 శాతమయ్యారు. పిల్లలకు మామిడి వాసన, పుదీనా వాసన చూపించి అలవాటు చేశారు. ఎదిగే వయసు మెదడు మీద నికోటిన్ పట్టు గట్టిది. వేప్‌ను మందుగా వాడుతున్న బ్రిటనే పిల్లల చేతుల్లోకి పోతున్నాయని 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌లను నిషేధించింది. కర్ణాటక కూడా చట్టం మార్చి పొగాకు కొనే వయసును 18 నుంచి 21కి పెంచింది, హుక్కా బార్లను మూయించింది. 2025లో ఆ చట్టం అమల్లోకి వచ్చింది. కావాల్సిన పనులే.

అయితే నిషేధంతో ప్రభుత్వం పని సగమే అయిందని గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ పొగతాగేవాడికి ఒక దారి చూపింది. మనం ఒక దారి మూసేశాం, రెండో దారి ఎక్కడుందో చెప్పడం మరిచిపోయాం. 2016-17 సర్వే నాటికి దేశంలో పొగ తాగేవాళ్లు దాదాపు పది కోట్లు. వాళ్లలో 55 శాతం మానాలని అనుకుంటున్నవాళ్లే, 38 శాతం అంతకు ముందు ఏడాదిలో ప్రయత్నించినవాళ్లే. ఆ ప్రయత్నించినవాళ్లలో అత్యధికులు మందు లేకుండా, సలహా లేకుండా, ఒంటరిగా ప్రయత్నించారు. కోక్రేన్ లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి. సాయం లేని నలుగురికీ, వేప్ ఉన్న ఎనిమిది, పదిమందికీ మధ్య ఉన్న దూరాన్ని దాటడానికి వేప్ ఒక్కటే వంతెన కాదు. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ, దానితో పాటు గమ్, రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికంటే ఫలితం దాదాపు పావు వంతు పెరుగుతుందని గట్టి ఆధారాలున్నాయి. డాక్టర్ చీటీ మీద ఇచ్చే వారెనిక్లిన్ మాత్ర ఇంకా శక్తిమంతమైనది. ఫిన్లాండ్‌లో 458 మందితో చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో ఆరు నెలలకు వారెనిక్లిన్ వాడినవాళ్లలో 43.8 శాతం, వేప్ వాడినవాళ్లలో 40.4 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 19.7 శాతం పొగ మానారు. మాత్రకూ వేప్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏదీ లేనివాడికీ ఏదో ఒకటి ఉన్నవాడికీ మధ్య మాత్రం రెట్టింపు తేడా ఉంది. వేప్ వాదులు, వేప్ వ్యతిరేకులు ఇన్నేళ్లుగా పోట్లాడుకుంటున్నది ఆ చిన్న తేడా గురించే. మన ఊళ్లలో మనుషులు చస్తున్నది ఆ పెద్ద తేడా వల్ల.

గమ్‌లోనూ నికోటినే కదా, ఒక అలవాటు పోయి ఇంకొకటి పట్టుకున్నట్టేగా అని అడుగుతారు. కాదు. సిగరెట్ దమ్ము లాగిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరి గుప్పున సుఖాన్నిస్తుంది, ఆ వేగమే మనిషిని బానిసను చేస్తుంది. గమ్ నుంచి నికోటిన్ నోటి లోపలి చర్మం గుండా నిదానంగా ఎక్కుతుంది. తలనొప్పి, చిరాకు, నిద్రలేమి లాంటి బాధలను తగ్గిస్తుంది గానీ ఆ గుప్పు సుఖాన్నివ్వదు, అందుకే దాన్ని కొన్ని వారాల్లో తగ్గించుకుంటూ మానేయడం తేలిక. మనవాళ్లలో చాలామంది గమ్ పనిచేయలేదని వదిలేయడానికి కారణం దాన్ని పాన్‌లా నమిలేయడం. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి. నాలుగైదు సార్లు మెల్లగా నమిలి, నోట్లో మంట తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. మంట తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట సేపు ఇలా. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పదిహేను నిమిషాల దాకా గమ్ వేసుకోకూడదు, పుల్లటి నోట్లో నికోటిన్ ఇంకదు. టీ కొట్టు దగ్గరే బీడీ వెలిగించే మనిషికి ఈ ఒక్క సంగతి చెప్పకపోతే గమ్ డబ్బులు వృథా. రెండు మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించేవాళ్లకు నాలుగు మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు కూడా ముందు డాక్టర్‌ను అడగాలి.

మనసు గట్టిదైతే ఇవేవీ అక్కర్లేదు, మా తాత ఒక్క రోజులో మానేశాడు అనేవాళ్లు ప్రతి ఇంటా ఉంటారు. అలా మానినవాళ్లు నిజంగా ఉన్నారు. ఆ వందలో నలుగురు వాళ్లే. మిగతా 96 మందికి మనసు లేదని కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో శరీరం చేసే అల్లరిని ఒంటరిగా తట్టుకోలేకపోయారు. ఆ అల్లరి రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుందని వాళ్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. దక్కే ఫలితం ఆ బాధకు తగినదే. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. నలభై ఏళ్లలోపు మానేసినవాళ్లు పొగ వల్ల ముందుగా పోయే ముప్పులో దాదాపు 90 శాతాన్ని తప్పించుకుంటారని ప్రభాత్ ఝా బృందమే 2013లో చూపించింది.

మరి రాయచూరు మనిషికి ఆ వారం వారం మాట్లాడే సలహాదారు ఎక్కడ దొరుకుతాడు? ఫోన్‌లో. 1800-112-356 జాతీయ పొగాకు మాన్పింపు సహాయవాణి నంబరు, పైసా ఖర్చు లేదు. 2016లో ఢిల్లీలో మొదలైంది. దక్షిణాది భాషల వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి సలహాదారులు మాట్లాడతారు, కన్నడంలోనూ, తెలుగులోనూ. మానే తేదీ నిర్ణయించుకోవడం దగ్గర నుంచి, మళ్లీ తాగబుద్ధి పుట్టినప్పుడు ఏం చేయాలో చెప్పడం దాకా వాళ్లే తిరిగి ఫోన్ చేసి పలకరిస్తారు. ఖైనీ, గుట్కా, జర్దా నమిలేవాళ్లకూ ఇదే నంబరు. 2016-17 సర్వే నాటికి కర్ణాటకలో పెద్దవాళ్లలో 22.8 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, వాళ్లలో తాగేవాళ్ల కంటే నమిలేవాళ్లే ఎక్కువ. వేప్ గురించి ఎంత వాదించుకున్నా ఆ నమిలేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. 2018 సెప్టెంబర్ నుంచి ఈ నంబరు ప్రతి సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద, హెచ్చరిక బొమ్మ పక్కనే అచ్చవుతోంది. చదవడం రాని కూలీకి, కట్ట విప్పి రెండే బీడీలు కొనుక్కునేవాడికి ఆ అంకెలు కంటపడవు.

నికోటిన్ గమ్, పట్టీల వైద్యం 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కింది. జాబితాలో ఉన్న మందు హట్టిలో, దేవదుర్గలో, లింగసుగూరులో ప్రభుత్వ ఆసుపత్రి కిటికీ దగ్గర దొరకాలి. క్షయ మందుల కోసం వచ్చిన ప్రతి రోగినీ పొగ తాగుతావా అని అడిగి, తాగుతానంటే చీటీలో గమ్ కూడా రాయాలి. గని యాజమాన్యాలు, మిల్లు యజమానులు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో దీన్ని చేర్చాలి. వేప్‌ను నిషేధించిన ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది వేప్‌ను తిరిగి ఇమ్మని కాదు, దాని బదులుగా ఈ మందును, ఈ మాట సాయాన్ని ఊరి దాకా తెమ్మని. అవి వచ్చే దాకా చదవగలిగిన మనం చేయగల పని ఒకటుంది. ఇంట్లోనో, పొలంలోనో, మిల్లులోనో మానాలని ఒక్కసారైనా అన్న మనిషి మీకు తెలిసి ఉంటే, పక్కన కూర్చుని మీ ఫోన్ నుంచే 1800-112-356 కలిపి అతని చేతికివ్వండి. తెలుగులో మాట్లాడతానని చెప్పమనండి.